పదకొండు ఇటుకలు

డెబ్బై అయిదో సంవత్సరం దసరా నాటికి రాజమౌళి చేతిలో ఉన్నవి మూడే. సూర్యాపేటలో రెండు తలుపుల ఇనుప సామాన్ల కొట్టు, అందులో కోళ్ళ షెడ్లకు కట్టే ఇనుప జాలి పద్నాలుగు చుట్టలు, దీపావళి దాకా అన్న ఇచ్చిన గడువు.

తిరుమలగిరి వైపు కోళ్ళ షెడ్లు లేస్తున్నాయని విని జాలి ముందే తెప్పించాడు. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి కోళ్ళు చచ్చాయి, షెడ్లు ఆగిపోయాయి. జాలి మాత్రం ఆగకుండా వచ్చి చేరింది. కోదాడలో పెద్ద కొట్టు నడిపే అన్న కబురు చేశాడు: "దీపావళి దాకా సూస్త. అప్పటికీ సరుకు కదలకుంటే తాళం ఏసి వచ్చి నా గల్లా పక్కన కూసో. గుమస్తా పని నీకు కొత్త గాదు."

అది నిజమే. తొమ్మిదేళ్ళు చేశాడు. మళ్ళీ చేసే ఉద్దేశం అతనికి లేదు.

పండక్కి వచ్చిన అక్క కూతురు గిరిజ ఆ చుట్టలు చూసి ఆగింది. హైదరాబాదులో రేడియో పరికరాలు పరీక్షించే చోట ఆమెకు ఉద్యోగం.

"మామా, గీ జాలితోని టీవీ సూడొచ్చు, ఎరుకేనా?"

"ఎవలు, కోళ్ళా?"

"నవ్వకు. పాలమూరు దిక్కు ఊళ్ళల్ల టీవీ పెట్టిండ్రు. బొమ్మ ఆకాశంల ఉన్న ఉపగ్రహం నుంచి సీదా వస్తది. దాన్ని పట్టేందుకు పదడుగుల గొడుగు వెల్లకిల తిప్పినట్టు పెడతరు. ఆ గొడుగుకు కప్పేది గిసొంటి జాలే."

రాజమౌళి జాలి మీద చెయ్యి వేశాడు. "ఇంత బొక్కలున్నయి. బొమ్మ జారిపోదా?"

"బొమ్మను మోసుకొచ్చే అల జానెడున్నర పొడుగుంటది. నీ బొక్క అర అంగుళం. దూరలేదు."

అతనికి అంత చాలు. వారంలో హైదరాబాదు వెళ్ళి, అలాంటి గొడుగులు చేసే దామోదర్‌ను పట్టుకున్నాడు. దామోదర్ జాలి ముక్కను గోటితో గీకి, "తుప్పు పట్టింది సేట్. దీని మీద బొమ్మ వస్తే నా కళ్ళతో చూసి మొత్తం తీసుకుంటా. రాకుంటే మళ్ళీ నా దగ్గరికి రావద్దు" అన్నాడు.

పరీక్షకు మిర్యాలగూడలో బంధువుల రైసుమిల్లు కుదిరింది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం విశాలంగా ఉంది, కరెంటు పోతే జనరేటరుంది. గిరిజ తన ఆఫీసు పెద్దసారును బతిమాలి, అలను బొమ్మగా మార్చే పెట్టెను, ఒక టీవీని ఒక్క రోజుకు తెచ్చింది. ఇనుప చువ్వలు వంచి జాలి బిగించారు. గొడుగును పడమటికి, కాస్త దక్షిణంగా తిప్పారు. వెనక ఊతకర్ర కింద ఒక్కో ఇటుకా పెడుతూ పోయారు. పదకొండో ఇటుక పెట్టగానే టీవీలో బడి పిల్లల బొమ్మ తేటగా నిలిచింది. అప్పుడు ఉదయం పది.

దామోదర్ వచ్చేది సాయంత్రం, ఏడున్నర బస్సుకు తిరిగి పోవాలి. గిరిజ పెట్టె ఆపేసింది. రాజమౌళి కళ్ళం మేస్త్రీ గౌరయ్యను పిలిచి, "సాయంత్రం దాకా దీన్ని జర కనిపెట్టుకొని ఉండు" అని భోజనానికి వెళ్ళాడు. గౌరయ్యది మాడుగులపల్లి. అక్కడ ఎడ్లు తోలి తోలి ఇక్కడికొచ్చినవాడు. ఎండ జరిగేకొద్దీ ఉడికిన వడ్లు తిరగేయించడంలో అతన్ని మించినవాడు లేడని మిల్లులో పేరు.

ఆరు గంటలకు దామోదర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గిరిజ మీట నొక్కింది. టీవీ నిండా తెల్లటి నూకలు ఎగిరాయి. బొమ్మ లేదు.

గిరిజ తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టింది. నూకలే.

"చెప్పలేదా సేట్?" దామోదర్ గడియారం చూసుకున్నాడు. "కోళ్ళ జాలి కోళ్ళకే."

అన్న గల్లా పక్కన పీట రాజమౌళి కళ్ళముందు మెదిలింది. కానీ పొద్దున వచ్చిన బొమ్మ అదే జాలి మీద వచ్చింది. ఎనిమిది గంటల్లో ఏ ఇనుమూ చెడదు. సరుకు మారలేదంటే తూకంలో ఏదో మారింది. గొడుగు చుట్టూ తిరిగి, అలవాటు ప్రకారం ఇటుకలు లెక్కపెట్టాడు. పదిహేను.

"గౌరయ్యా, నాలుగు ఇటుకలు ఎక్కువున్నయేంది?"

"నేనే పెట్టిన సేటూ," గౌరయ్య గర్వంగా అన్నాడు. "రెండేసి గంటలకోటి. పొద్దు పడమటికి దిగింది, సుక్కలు దిగుతయి. పైనున్న మీ ఉపగ్రహం మాత్రం దిగదా? మీరు కనిపెట్టుకోమంటిరి గదా! గొడుగును దానెంబడి వంచుకుంట వచ్చిన."

రాజమౌళికి కోపం రాలేదు. తనకూ ఆ సంగతి తెలియదు. "గిరిజా, అది దిగదా?"

"దిగదు మామా. భూమి ఒక సుట్టు తిరిగేసరికి అదీ సరిగ్గ ఒక సుట్టు తిరుగుతది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుల, భూమి నడుము మీద. అందుకే మనకు ఒక్క కాడనే ఉన్నట్టు."

"తిరిగేది నిలబడ్డట్టు ఎట్లుంటదమ్మా?" గౌరయ్య ఒప్పుకోలేదు.

రాజమౌళి అతని భుజం పట్టుకున్నాడు. "కళ్ళంల వరి తొక్కిచ్చేటప్పుడు నడిమి గుంజకు ఎడ్లను వరుసగ కడతవు గదా. లోపలి ఎద్దు ఎట్ల నడుస్తది?"

"మెల్లగ."

"బయటిది?"

"ఉరుకుతది. దానికి సుట్టు పెద్దది. కానీ రెండిటి సుట్టు ఒక్కసారే పూర్తయితది."

"లోపలి ఎద్దు మెడ తిప్పి సూస్తే బయటిది ఏడుంటది?"

"ఎప్పుడూ దాని పక్కనే..." గౌరయ్య ఆగాడు. పడమటి ఆకాశం వంక చూశాడు. "మనం లోపలి ఎద్దులమన్నట్టు."

"అంతే."

"మరి పలుపు? పలుపు లేకుంటే బయటి ఎద్దు పోదా?"

"భూమి గుంజుడే పలుపు," అంది గిరిజ. "ముల్లుగర్ర కూడ అక్కర్లే. ఒక్కసారి తోలిండ్రు. అడ్డం పడేటందుకు గాడ గాలి గూడ లేదు."

"జీతగాడు లేని కళ్ళం," అని గౌరయ్య నవ్వి, తను పెట్టిన నాలుగు ఇటుకలనూ తనే తీశాడు. నాలుగోది తీసేసరికి నూకలు విడిపోయాయి. పాడిగేదెల మేత గురించి ఒకాయన తెలుగులో మాట్లాడుతున్నాడు, గేదె కొమ్ముల మొనలతో సహా కనబడింది.

దామోదర్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. బొమ్మ జారుతుందేమోనని ఏడుంబావు దాకా చూశాడు. జారలేదు. లేచేటప్పుడు, "లారీ ఎప్పుడు పంపమంటారు?" అన్నాడు.

"రేపే. దీపావళి సరుకుకు నాకు జాగ కావాలె," అన్నాడు రాజమౌళి.

చివరి లెక్క ఇది. పదమూడు చుట్టలు హైదరాబాదు పోయాయి. పద్నాలుగోది గొడుగులోనే ఉండిపోయింది. పెట్టె వెళ్ళిపోయాక గౌరయ్య దాన్ని బోర్లించి కోడిపిల్లలకు గూడు చేసుకున్నాడు. గల్లా పక్క పీట ఇంకెవరికైనా ఇమ్మని అన్నకు ఒక కార్డు ముక్క వెళ్ళింది. ఇటుకలు మిల్లువి మిల్లుకే. కొట్టులో మిగిలిన జాలి సున్న. కొట్టు తలుపులు రెండు, రెండూ తెరిచే ఉన్నాయి.