పూజనాటి చీటీ

నాకు కోపం ఎక్కువ. మిల్లులో ఎవరినడిగినా చెబుతారు. అయితే ఈ సంగతిలో కోపం రావాల్సింది నా మీదే కాబట్టి ఇన్నాళ్లూ రాలేదు.

మాది కోయంబత్తూరు శివార్లలో చిన్న పేపర్ మిల్లు. వాడి పారేసిన అట్టపెట్టెలను నానబెట్టి, గుజ్జు చేసి, మళ్ళీ అట్ట తీసి, ఏలకుల వ్యాపారులకు పెట్టెలు చేసి ఇస్తాం. బోడినాయకనూరు నుంచి ఏలకులు విదేశాలకు పంపే వ్యాపారి ఒకరు పోయినేడు ఒక షరతు పెట్టారు. పెట్టె మీద 'ఎనభై శాతం వాడిన కాగితంతో చేసింది' అని అచ్చు వేయాలి, ఆ మాట నిజమేనని సర్టిఫికెట్ కావాలి. చేసే నేను చెబితే చెల్లదు, కొనే ఆయన చెప్పినా చెల్లదు. ఇద్దరికీ ఏమీ కాని మూడో సంస్థ వచ్చి, చీటీలన్నీ చూసి, సరిపోతేనే ముద్ర వేస్తుంది. మా మిల్లు కోతలో రాలిన ముక్కలను మళ్ళీ గుజ్జులో వేస్తే అవి ఆ లెక్కలోకి రావు. జనం వాడి పారేసిన కాగితానికే విలువ.

అలాంటి కాగితం మాకు ఇచ్చేది పొన్నమ్మాళ్ అత్త. చుట్టం కాదు, మా నాన్న కాలం నుంచి పిలుపు అది. గాంధీపురం బస్టాండు వెనక పాత పేపర్ల అంగడి ఆమెది. బట్టల షోరూముల అట్టపెట్టెలన్నీ అక్కడికే వస్తాయి. ఏ రోజు ఎంత సరుకు పంపిందో చీటీ రాసివ్వాలని నేను చెబితే నవ్వింది. "నాకు సంతకం ఒకటే వచ్చును తంబీ. అన్నిట్లో పెట్టేస్తా, మిగిలింది నువ్వు రాసుకో" అని, చీటీ పుస్తకం మొత్తానికి ఒకే పూట సంతకాలు పెట్టి నా చేతికిచ్చేసింది. తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ళలో ఇది కొత్తేమీ కాదు. మాట మీద నడిచే ఇళ్ళు మావి. ఆ మాటనే నేను అమ్ముకున్నాను.

అక్టోబరంతా వానలు. పాత కాగితం సరిగా దొరకలేదు. ఆర్డరు ఆగకూడదని కొత్త గుజ్జు కొని కలిపాను. శాతం పడిపోయింది. అప్పుడు నా బుద్ధి గడ్డి తింది. అత్త పుస్తకంలోంచి మూడు చీటీలు చింపి, రాని సరుకు వచ్చినట్టు రాశాను. మొదటిదానికి నెల మొదటి తేదీ వేశాను. ఆ రోజు ఆయుధపూజ అని తట్టనేలేదు. అయ్యో, మిల్లులో మిషన్లకు గంధం పూసింది నా చేతులతోనే! మా వైపు ఆ రోజు సుత్తి కూడా పూజలోనే ఉంటుంది, తరాజు ఎవరు ముడతారు?

డిసెంబరులో ఆడిట్‌కు వచ్చిన అమ్మాయి పేరు కార్తీక. చెన్నై సంస్థ కదా, ఇంగ్లీషులో నెట్టుకొచ్చేయొచ్చు అనుకున్నాను. ఆమె చీటీలు తిరగేస్తూ ఒకచోట వేలు ఆపి, తెలుగులో అడిగింది.

"సార్, మాది తేని జిల్లా. మా ఇంట్లోనూ ఇదే భాష. ఆయుధపూజ దినం తరాజు పనిలో ఉండెనా, పూజలో ఉండెనా?"

అప్పుడైనా నిజం చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది. నా నోట వచ్చింది మాత్రం ఇది.

"నాకేమి తెలుసునమ్మా, చీటీ ఇచ్చింది ఆమె. సంతకం చూడు."

కార్తీక ఆ సాయంత్రమే గాంధీపురం వెళ్ళి అత్తను అడిగింది. అత్త చెప్పింది చెప్పినట్టే రిపోర్టులో రాసింది. నాకూ ఒక కాపీ వచ్చింది. "సంతకం నాదే. ఆ దినం సరుకు పంపినట్టు గ్యాపకం లేదు. తంబి చీటీ ఉండాది అంటే పంపే ఉంటాను." తప్పు ఆమెదేనని సంస్థవాళ్ళు తేల్చి, అక్టోబరు పెట్టెలకు ముద్ర రద్దు చేసి, ఇకమీద ఆమె దగ్గర కొనకూడదన్న షరతుతో మా సర్టిఫికెట్ మాత్రం నిలబెట్టారు.

నెల రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. గాంధీపురం వైపు పని పడితే చుట్టు తిరిగి వెళ్ళాను. ఏ తప్పూ చేయని పనివాళ్ళ మీద అరిచాను. అన్నం సయించలేదని చెప్పను. మూడు పూటలా తిన్నాను, అదీ సిగ్గే.

జనవరిలో అత్త కొడుకు బాలమురుగన్ మిల్లుకు వచ్చాడు. అంగడిలో తరాజు అమ్మేస్తున్నాడట, మాకు కావాలా అని అడిగాడు.

"ఏల అమ్మేది?" అన్నాను.

"అమ్మకి మతి సరిలేదన్నా. పూజ దినం అంగడి తెరిచి సరుకు పంపిండాది, అదే గ్యాపకం లేదు అంటాది. చీటీలో సంతకం ఉండాదే! ఇంక ఎట్ల నమ్మి విడిచేది? తాళంచెవి నేనే తీసి పెట్టుకున్నా. డాక్టరుకి చూపిస్తా ఉండాము."

మా ఒక్క మిల్లు బేరమే కదా పోయింది, ఆమెకు వేరే మిల్లులు లేవా అని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను పోగొట్టింది ఆమెకు తన మీద ఉన్న నమ్మకాన్ని.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అంగడి షట్టరు దించి ఉంది. పక్కనే ఇల్లు. అత్త గడపలో కూర్చుని పోయినేటి కేలండర్ తిప్పుతోంది. నన్ను చూసి లేచింది.

"రా తంబీ. నా వల్ల నీకు చెడ్డపేరు వచ్చెనే. పెద్దదాన్ని అయిపోతిని, మన్నించేయి కన్నూ. ఆ దినం తరాజుకి గంధం పెట్టింది, అందరికీ మరమరాల పొరి పంచింది, అంతా కండ్ల ముందర ఉండాది. అంగడి తెరిచింది మాత్రం తోచనే తోచదు."

ఆమె నన్ను మన్నించమంటోంది! ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

"అత్తా, నువ్వు అంగడి తెరవలేదు. సరుకూ పంపలేదు. ఆ చీటీ రాసింది నేను. మూడూ నేనే రాస్తిని."

కేలండర్ పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఐతే తరాజుకి నేను గంధం పెట్టింది నిజమా?"

"నిజం అత్తా."

"పొరి పంచింది?"

"అదీ నిజమే. మిల్లుకి ఒక పొట్లం పంపిస్తివి. నేనే తింటిని."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బాలమురుగన్ లోపల ఉండాడు. వాడి ముందర చెప్పు" అంది.

చెప్పాను. వాడి ముందే కార్తీకకు ఫోన్ చేసి ఆమెకూ చెప్పాను. "సర్టిఫికెట్ పోతాది సార్, తెలుసు కదా?" అంది. తెలుసన్నాను. "అంతా రాసి పంపండి. ఈసారి తేదీ సరిగా వేయండి" అని పెట్టేసింది. సర్టిఫికెట్ పోతే బోడినాయకనూరు వ్యాపారి పెట్టెలూ పోతాయి. పోనీ.

బాలమురుగన్ నా ముఖం చూడలేదు. తల్లి వైపు చూడడానికి వాడికి మొహం చెల్లలేదు. తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అత్త తానే వెళ్ళి తాళం తీసింది. షట్టరు ఎత్తడానికి నేను చెయ్యి వేయబోతే "విడు" అంది. లోపల తరాజు మీద పూజనాటి గంధం ఇంకా చెరగలేదు. ఎండిపోయిన ఆ చుక్కను వేలితో తడిమి, నా వైపు తిరగకుండానే అంది.

"నా చీటీ పుస్తకం తెచ్చి ఇచ్చేయి తంబీ. రాయని చీటీలు ఎన్ని మిగిలిండాయో నేనే ఎంచి తీసుకుంటాను."