రాజశ్రీ రాసిన బస్ కంట్రోలర్

రాజశ్రీ చేస్తున్న పనేమిటో విని నాయనమ్మ అప్పయమ్మ ముక్కున వేలేసుకుంది. "రైలోళ్లింట పుట్టి బస్సుల్లో పనేటే?"

"ఆ బస్సు కాదు నాయనమ్మా. కంప్యూటర్ లోపల కబుర్లు తిరిగే దారిని బస్ అంటారు. ఆ రాకపోకలు చూసుకునేది బస్ కంట్రోలర్."

"అచ్ఛా, సిగ్నలోడన్నమాట," అని అప్పయమ్మ సర్దుకుంది.

అది తొంభై ఆరో సంవత్సరం. నాన్న స్నేహితుడు తిరుమలరావు రైల్వే ఉద్యోగం మానేసి, ఊళ్లోని వ్యాపార్ విహార్ బజార్లో లారీలు తూచే కాటాలకు కంప్యూటర్ బోర్డులు తయారు చేస్తున్నాడు. ఆ బోర్డును నడిపించే మూల ప్రోగ్రాము కెర్నల్. ఏ చిప్పు ఎక్కడుందో, ఏది ఎంతసేపటికి బదులిస్తుందో దానికదే తెలుసుకోలేదు. అదంతా బస్ కంట్రోలర్ వివరంగా రాసిపెట్టడం రాజశ్రీ పని. తిరుమలరావు గీసిచ్చిన బోర్డు పటం చూసి రాసింది.

మొదటి కాటా దగ్గర్లోని తఖత్‌పూర్‌లో ఒక బియ్యం మిల్లుకు వెళ్లింది. పొద్దున బాగానే తూచేది. ఎండెక్కితే మాత్రం ఒకే లారీకి రెండు బరువులు చూపించేది. రైతులు గొడవకు దిగారు.

రాజశ్రీ వెళ్లి బోర్డు విప్పింది. తూకం చెప్పే చిప్పు పటంలో ఉన్నది కాదు. వేడెక్కితే ఇది ఆలస్యంగా బదులిస్తోంది. కెర్నల్ ఆగకుండా పాత అంకెనే చదివేస్తోంది.

"పటంలోది బజార్లో దొరకలేదు, దీన్ని పెట్టేను," అన్నాడు తిరుమలరావు, ఆమె తిరిగొచ్చి అడిగితే. "రెండూ ఒకటే. నీ రాతలోనే ఏదో తప్పుంటాది."

ఆమెకు చివుక్కుమంది. ఆ ఒక్క కాటా వరకు చిప్పు బదులు కోసం ఆగే గడువు పెంచేసి ఊరుకోవచ్చు. కానీ అదే పటంతో ఇంకా బోర్డులు తయారవుతున్నాయి.

"ఓసారి మధ్యాహ్నం పూట మీరే వచ్చి చూడండి, బాబాయ్."

ఆయన వచ్చాడు. ధాన్యం లారీని ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించారు. అంకె మారింది. పక్కనున్న రైతు ఆయన ముఖంలోకి చూశాడు.

తిరుమలరావు బోర్డు ముందు చతికిలబడి, భూతద్దం పెట్టి, ఒక్కో చిప్పు మీదున్న పేరూ చదవసాగాడు. "రాసుకో."

పటానికి సరిపడనివి మరో రెండు బయటపడ్డాయి. ఆమె బస్ కంట్రోలర్ వివరమంతా మళ్లీ మొదట్నుంచి రాసింది. ఆయన పటం కొట్టేసి కొత్తది గీశాడు.

తప్పు నాదేనని ఆయన అనలేదు, ఆమె అనిపించనూ లేదు. మండువేసవిలో కూడా కాటా నిలకడగా తూచింది.