నీలి మూత కింద గీత

మా ల్యాబులో నన్ను ఆరాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల రక్తాన్ని ఆరా తీస్తున్నదాన్ని, ఆ పేరు రావడంలో వింతేమీ లేదు. మిషను ఇచ్చిన అంకె చూసి ఊరుకోవడం నాకు చేతకాదు.

ఆ రోజు ఐసీయూ ఏడో బెడ్డు అంకెలు నాకు మింగుడుపడలేదు. ఆయన బస్సు డ్రైవరు. కాలేయం దాదాపు పని మానేసింది. కూతురు తన కాలేయంలో ముక్క ఇస్తానంది. అయితే పెద్ద డాక్టరమ్మకు ఒక లెక్క ఉంది. కామెర్లు ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది, ఈ మూడూ కలిపి ఒక స్కోరు. అది ముప్ఫై ఆరు దాటితే మనిషి ఆపరేషన్‌కు తట్టుకోడని ఆవిడ భయం. ఇప్పుడు ముప్ఫై తొమ్మిది. మూడింటికి మీటింగు. అక్కడ వద్దంటే ఆయనకు ఇక వేరే దారి లేదు.

నన్ను తొలిచింది స్కోరు కాదు. కామెర్ల అంకె మూడు రోజులుగా దిగుతోంది. కిడ్నీలదీ దిగుతోంది. గడ్డకట్టే అంకె ఒక్కటే ఎక్కుతోంది: మొన్న రెండు పాయింట్ ఆరు, నిన్న మూడున్నర, ఇవాళ నాలుగు పాయింట్ రెండు. ఒకే మనిషి ఒంట్లో ఈ పొత్తు కుదరకపోవడం ఏమిటి?

గడ్డకట్టే పరీక్షకు వచ్చిన ఆయన నీలి మూత ట్యూబు తీసి వెలుతురులో పట్టుకున్నాను. రక్తం గడ్డకట్టకుండా అందులో ముందే కాస్త మందు ఉంటుంది. గీత దాకా రక్తం పడితేనే లెక్క సరిపోతుంది. తక్కువ పడితే మందుది పైచేయి అయి, అంకె ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. సరిగ్గా ఆ గీత మీదే ఆయన పేరున్న మా స్టిక్కరు ఉంది. గోటితో ఒలిచాను. రక్తం గీతకు బాగా కిందే ఆగిపోయింది. ఫ్రిజ్‌లోంచి నిన్నటి ట్యూబు తీశాను. అదీ వెలితే.

చూడకుండా రెండింటినీ మిషన్‌లో పెట్టింది నేనే.

మెట్లెక్కి పైన ఐసీయూకు వెళ్లాను. నా చేతిలో ట్యూబు చూడగానే కొత్త నర్సు బిక్కమొహం వేసింది.

“వాళ్లమ్మాయి దండం పెట్టిందక్కా, కొంచెం తక్కువ తీయమని. నాకూ జాలేసింది.”

మంచం పక్కనున్న అమ్మాయి ముందుకొచ్చింది. “సిస్టర్‌ని ఏమీ అనకండి. నేనే అడిగా. పొద్దునా సాయంత్రం గుచ్చుతూనే ఉన్నారు. ఆ చేతులు చూడండి.”

చూశాను. మోచేతి దాకా నల్లగా కమిలిపోయాయి. ఆ చేతులు చూస్తే నేనూ తక్కువే తీసేదాన్నేమో.

“తక్కువ తీస్తే అంకె తప్పు వస్తుందమ్మా. ఆ అంకెను బట్టే నాన్నగారికి ఆపరేషన్ వద్దనబోతున్నారు.”

ఆ పిల్ల మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. “అంటే నావల్లేనా?”

“నీ ఒక్కదానివల్లే కాదు. గీత కనపడకుండా స్టిక్కరు అంటించింది మేము. తిట్టుకోవడం తర్వాత. ముందు ఆ చెయ్యి పట్టుకో.”

సూది దిగగానే ఆయన మగతలోనే కళ్లు తెరిచాడు. “ఇంకానా?”

“ఇంకొంచెం నాన్నా. ఈసారి నిండా తీస్తారు.”

గీత చూసి మరీ కొత్త ట్యూబు మిషన్‌లో పెట్టాను. రెండు పాయింట్ ఆరు అని వచ్చింది. స్కోరు ముప్ఫై మూడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి, నా తప్పుతో సహా అంతా చెప్పాను. ఆవిడ అంకె ఇంకోసారి చెప్పించుకుంది.

“ముప్ఫై మూడూ మంచి అంకె కాదు, తెలుసుగా?”

“తెలుసు మేడమ్.”

“సరే, మీటింగులో నేను చెబుతాను. ముక్క ఇవ్వడానికి సరిపోతుందో చూడాలి, ఆ అమ్మాయి రక్తం కూడా తీయండి.”

మీటింగు అయ్యాక, నాలుగింటికి అమ్మాయి తనే కిందికొచ్చి చెయ్యి చాపింది. సూదంటే చిన్నప్పట్నుంచీ భయమట. మొహం గోడవైపు తిప్పేసుకుంది.

“గీత దాకా వచ్చిందా?” అంది, ఇటు చూడకుండానే.

“వచ్చింది.”

“స్టిక్కరు కాస్త పైకి అంటించండి మేడమ్.”