ఏటవాలుగా వెళ్ళే చేయి

మెర్ల్ సండ్‌క్విస్ట్ తయారుచేసేది మెనూలు. హోటల్ మెనూ అయితే తిన్నవాడు బాగుందనో, బాగాలేదనో అని పోతాడు. కంప్యూటర్ మెనూకి ఆ భాగ్యం లేదు. బాగుంటే ఎవరి కంటా పడదు, బాగాలేకపోతే వాడేవాడు తన బుర్రే మొద్దనుకుంటాడు. సన్నీవేల్‌లోని ఆ కంపెనీలో తెర మీద "తెరువు" అన్న మాట ఎక్కడ ఉండాలో, దాని వెనకాల ఏం తెరుచుకోవాలో తేల్చడమే అతని బతుకుతెరువు.

ఎనభై నాలుగు వేసవికి అతనికి మిగిలిన గొడవ ఒక్కటే. మౌస్‌తో నడిపే బాణాన్ని "తెరువు" మీద పెడితే పక్కన ఫైళ్ళ జాబితా విచ్చుకుంటుంది. ఆ జాబితాలో కింద ఉన్న ఫైలు కోసం ఎవరి చేయైనా ఏటవాలుగానే జారుతుంది. మనిషి చేయి రైలు కాదు, మలుపు దాకా వెళ్ళి తిరగడానికి. దారిలో బాణం "తెరువు" కిందనున్న "ముద్రించు"ను తాకుతుంది. తాకిందే తడవుగా ఫైళ్ళు మాయమై, ప్రింటర్ల జాబితా ప్రత్యక్షమవుతుంది. మెర్ల్ దీనికి మందు కూడా కనిపెట్టాడు: జాబితా మూసే ముందు రెప్పపాటు ఆగితే చాలు.

"ఆగడమా?" అన్నాడు అతని పైఅధికారి డెంటన్. "ప్రకటనల నిండా వేగం, వేగం అని వేయించాం. నువ్వేమో ఆగుదాం అంటావు."

"రెప్పపాటే కదయ్యా."

"సరే, శుక్రవారం దీన్ని వాడిచూసే పరీక్షకొచ్చే బయటి మనిషి ఫైలు తెరవలేక చేతులెత్తేస్తే నీ రెప్పపాటు పెడదాం. లేదంటే చిప్ ఉన్నదున్నట్టు పోతుంది."

మెనూలు చిప్‌లోకి ఎక్కాయంటే నుదుటిరాత కిందే లెక్క, ఇక దిద్దుబాటు ఉండదు. శుక్రవారం సాయంత్రమే చిప్ నమూనా కర్మాగారానికి పోవాలి. ఆ తర్వాత కంపెనీకి చిప్పు, మెర్ల్‌కి చిప్ప.

పరీక్ష గదికి ఒక గోడంతా అద్దం. లోపలివాళ్ళకు వాళ్ళ ముఖమే కనిపిస్తుంది, వెనకవాళ్ళకు లోపలిదంతా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు ఎంత అవస్థ పడినా ఎవరూ సాయం చేయకూడదు. చేస్తే ఆ పరీక్ష చెల్లదు. లోపల కూర్చుని పరీక్ష నడిపే రాజ్ అనే అమ్మాయి కూడా "ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి" అని తప్ప ఇంకో ముక్క అనదు. అక్కడ ఒకరికి మౌస్, మిగతావారికి మౌనం.

ఆ రోజు వచ్చినావిడ విల్మా క్రాంజ్, బీమా ఆఫీసులో టైపిస్టు. కళ్ళజోడు సర్దుకుని ఫైలు వైపు బాణం నడిపింది. ఫైళ్ళు పోయి ప్రింటర్లు వచ్చాయి.

"ఇక్కడే ఉండాలే," అంది. మళ్ళీ నడిపింది. మళ్ళీ ప్రింటర్లు.

అద్దం వెనక మెర్ల్‌కు లోలోపల పండగ. ఆవిడ జారినప్పుడల్లా తను గెలుస్తున్నాడు.

"సంబరపడకు. ఇంకా చేతులెత్తేయలేదు," అన్నాడు పక్కనున్న డెంటన్.

"ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి," అంది రాజ్.

"ఏముందమ్మా, నా చేయి పనికిరాకుండా పోయిందనుకుంటున్నాను." విల్మా తన కుడిచేతిని ఎవరిదో వస్తువులా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మా ఆఫీసులో వచ్చే నెల నుంచి అందరికీ ఇవే పెడుతున్నారు. రానివాళ్ళను ఉంచరట. ఇంట్లో ఎవరితోనూ అనలేదు ఇంకా."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత అద్దాలు కాక, కళ్ళు తుడుచుకుంది.

మెర్ల్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"మేడమ్, తప్పు మీ చేతిది కాదు. ఈ మెనూ చేసింది నేను. ఇదిగో, ముందు అడ్డంగా వెళ్ళి, తర్వాత కిందికి రండి."

రాజ్ కళ్ళు మూసుకుంది.

విల్మా అతను చెప్పినట్టే చేసింది. ఫైలు తెరుచుకుంది. "మీరు మంచివారు కనక అలా అంటున్నారు," అంది. "చెబితే గానీ రాలేదు చూశారా నాకు." కంపెనీ బొమ్మ వేసిన కప్పు ఒకటి చేతిలో పెడితే, అందరికీ క్షమాపణలు చెప్పి వెళ్ళింది.

"చెల్లదు," అంది రాజ్. "కాస్త ఓపిక పట్టి ఉంటే ఆవిడే వదిలేసి లేచేది, మెర్ల్."

"అందరినీ రెప్పపాటు ఆగమనేవాడికి తను ఆగడం చేతకాలేదు," అన్నాడు డెంటన్. అన్నాడే గానీ నవ్వలేదు.

"చేయి ఎలా జారుతుందో నేను చూపిస్తాను, కూర్చో," అని మెర్ల్ మౌస్ అందుకున్నాడు. "తెరువు" విచ్చుకుంది. చేయి అడ్డంగా వెళ్ళి, మలుపు తిరిగి, కిందికి దిగింది. ఫైలు తెరుచుకుంది.

"ఇలా కాదు, ఉండు." మళ్ళీ అడ్డంగా, మళ్ళీ మలుపు, మళ్ళీ ఫైలు. ఇన్నాళ్ళూ ఆ మెనూతో కాపురం చేసిన చేయి దాని అడుగులు నేర్చేసుకుంది. ఈసారి మెర్ల్ పళ్ళు బిగించి బాణాన్ని ఏటవాలుగా ఈడ్చాడు. ప్రింటర్లు వచ్చాయి.

"కావాలని ఈడిస్తే ఏదైనా పోతుంది," అన్నాడు డెంటన్, కోటు తొడుక్కుంటూ. "మామూలుగా పట్టుకో. బాగానే పనిచేస్తోందిగా."

డెంటన్ కర్మాగారానికి ఫోన్ చేయడానికి వెళ్ళాడు. మెర్ల్ తన చేతిని మామూలుగా వదిలి చూశాడు. అది అడ్డంగా వెళ్ళింది. మలుపు తిరిగింది.