పగలని పళ్ళేలు

వన్ టౌన్‌లో ఫక్రుద్దీన్ పింగాణీ దుకాణానికి ముప్ఫయ్యేళ్ళ పేరు. ఆయన కట్టిన మూట లారీ మీంచి జారిపడ్డా లోపల కప్పు చెవి విరగదంటారు. అలాంటి మనిషికి మధురవాడలోని ఒక ఐటీ కంపెనీ నుంచి ఫోనొచ్చింది.

"అంకుల్, వంద పళ్ళేలు కావాలి. శుక్రవారం మా ఆఫీసులో స్మాష్ ఈవెంట్," అన్నాడు మేనేజర్ జయంత్.

ఆ ఇంగ్లిషు ముక్క అర్థంకాక ఫక్రుద్దీన్ భార్య షరీఫున్నీసాని అడిగాడు.

"సినిమా పోస్టర్ల మీద సూళ్ళేదేటండీ, స్మాష్ హిట్టని? కంపెనీ బాగా ఆడతన్నట్టుంది. విందు పెడతారు కావాల."

ఆటో అప్పలరాజు ఒప్పుకోలేదు. "కాదు భాయ్. షటిలాటలో పైనుంచి ఈడ్సి కొట్టీదే స్మాషు. గెలిసినోడికి పళ్ళెం ఇత్తారు."

విందైనా బహుమతైనా తన పరువు నిలబడాలని ఫక్రుద్దీన్ గట్టి పళ్ళేలు ఏరాడు. ఒక్కోదాన్నీ వేలితో మీటి, మోత విని, గడ్డిలో పొదిగాడు. దారిలో గొయ్యి కనిపించినప్పుడల్లా అప్పలరాజు భుజం పట్టుకుని "నెమ్మది" అన్నాడు.

కంపెనీ హాల్లో పాతికమంది ఉద్యోగులు హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. జయంత్ ఒక పళ్ళెం తీసి, ఫోన్ కెమెరాకి నవ్వుతూ గోడకేసి విసిరాడు.

"యా అల్లా!" ఫక్రుద్దీన్ గుండె పట్టుకున్నాడు. పళ్ళెం మాత్రం గోడకి తగిలి, తివాచీ మీద క్షేమంగా పడింది.

"ఒత్తిడి పోవాలంటే ఇలా పగలగొట్టాలి. ఇదే స్మాష్!" అన్నాడు జయంత్.

ఉద్యోగులు మొహమాటంగా విసిరారు. ఒక్కటీ పగల్లేదు.

"క్వాలిటీ బాగోలేదంకుల్."

ముప్ఫయ్యేళ్ళలో ఫక్రుద్దీన్ వినని ఫిర్యాదు అది. "లోపం పళ్ళెంలో లేదు బాబూ. సేతుల్లో కోపం లేదు."

జయంత్ వాచీ చూసుకున్నాడు. "త్వరగా కానివ్వండి. అన్నట్టు, ఈ వారం నుంచి శనివారం కూడా ఆఫీసే."

అంతవరకూ వెనక నిలబడ్డ అనూరాధ అనే అమ్మాయి ముందుకొచ్చి ఒక్క విసురు విసిరింది. పళ్ళెం పది ముక్కలైంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"సూపర్!" అని జయంత్ వీడియో తీసుకున్నాడు.

చివరి పళ్ళేన్ని అనూరాధ ఫక్రుద్దీన్‌కి అందించబోయింది. "మీరూ కొట్టండంకుల్."

"నాకు సేతులు రావమ్మా. నువ్వే పట్టుకెళ్ళు. ఆదివారమైనా ఇంట్లో కూకోని, దీన్లో అన్నం తిను."

"ఆదివారం సంగతి ఇంకా డిసైడ్ చెయ్యలేదంకుల్," అన్నాడు జయంత్.

అనూరాధ చేతిలోని పళ్ళెం వైపు చూసింది. ఫక్రుద్దీన్ గోడ ముందు నుంచి పక్కకి తప్పుకుని ఆమెకి దారిచ్చాడు.