రెండో టోకెన్

నేను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను. ఒంటిమీద ఎర్ర పళ్ళ బొమ్మ, దాని కింద ‘క్రాన్‌బెర్రీ’ అన్న పేరు. ఆ పళ్ళు ఏ దేశంలో కాస్తాయో నాకూ తెలీదు. కడుపులో ముప్పై బిళ్ళలు పోసి మూత బిగించారు, మందుల షాపులో నాలుగు నెలలు కూర్చోబెట్టారు. దగ్గు మందును జనం గొంతెత్తి అడుగుతారు. నా కోసం వచ్చిన ఆడవాళ్ళు మాత్రం చీటీ ముందుకు తోసి నేలచూపులు చూస్తారు. మూత్రంలో మంట అని చెప్పడానికి అంత సిగ్గెందుకో!

నన్ను కొన్నది నూకరత్నం. విశాఖ అవతల ఒక బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఆమె లైనులో ముప్పైమంది ఆడవాళ్ళు. ఆ ముప్పైమందికీ కలిపి మేకుకు వేలాడే చెక్క టోకెన్ ఒక్కటే. అది చేతిలో ఉంటేనే బాత్రూంకి వెళ్ళాలి. అందుకని వాళ్ళు కనిపెట్టిన తెలివైన ఉపాయం, అసలు నీళ్ళే తాగకపోవడం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నూకరత్నం నన్ను బయటికి తీసింది. పక్క మిషను పైడమ్మ కళ్ళు నామీదే పడ్డాయి.

“ఇదేటే? వాక్కాయ బొమ్మలాగుంది.”

“మందే. ఆర్నెల్లలో మూడుసార్లు మంటొచ్చింది కదా. వొచ్చినాక తగ్గించదంట గానీ, మళ్ళీ రాకుండా కొంతమందికి పంజేస్తాదంట. రోజుకోటి మింగమంది డాక్టరమ్మ. నీళ్ళు బాగా తాగాలంట, ఆపుకోకూడదంట. ఇంకోపాలి మంటొస్తే కిడ్నీకెక్కిపోద్దని బయపెట్టింది.”

“నాకూ అదే మంటే. ఓ బిళ్ళియ్యే.”

ఒక చెయ్యి చాచాక ఇంకో చెయ్యి ఊరుకుంటుందా? ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళే దాచుకున్న మంట, ఆ పూట అందరి నోటా బయటపడింది. నూకరత్నం ప్రసాదం పంచినట్టు పంచేసింది. చివరి బిళ్ళ తను వేసుకుంది. ముప్పైమందీ ఒక్కొక్క గుక్క నీళ్ళతోనే మింగారు. రెండో గుక్క తాగితే టోకెన్ కావాలి మరి. నెలరోజుల మందు ఒక్క పూటలో హుష్‌కాకి! ఒక్క బిళ్ళతో ఎవరికీ ఒరిగేదేమీ లేదని చెబుదామంటే నాకు నోరేదీ?

పది రోజులు తిరక్కుండానే నూకరత్నానికి చలిజ్వరం, నడుంనొప్పి వచ్చి పడ్డాయి. డాక్టరమ్మ అన్నంతా అయింది. ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకుని, పీక్కుపోయిన మొహంతో మళ్ళీ మిషను దగ్గరికొచ్చింది. ఈసారి పక్కన నిండు నీళ్ళ సీసా పెట్టుకుంది, తాగింది. గంటకు లేచి చూస్తే మేకు ఖాళీగా ఉంది. సంచిలోంచి నన్ను తీసి, పిడికిట్లో పట్టుకుని నడిచింది.

సూపర్‌వైజర్ గౌరునాయుడు అడ్డమొచ్చాడు. “టోకెనేదీ?”

“ఇదిగో సార్.”

“ఇదేటి, కాళీ డబ్బా!”

“ముప్పై బిళ్ళలుండీవి సార్. నాకని రాస్తే లైనందరికీ పంచీసినాను. అందరికీ మంటే. ఎందుకో మీకు తెల్దా? కావాలంటే అడగండి.”

అంతలో పైడమ్మ మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. ఒకటొకటిగా లైనంతా ఆగింది. ముప్పైమందిలో ఒక్కరూ ఈసారి నేలచూపులు చూడలేదు. నేలచూపులు చూసింది గౌరునాయుడే.

“ఎల్లు, ఎల్లు. బేగొచ్చీ,” అన్నాడు.

మర్నాడు ఆ ఆడవాళ్ళే నా మెడకు కాలరు దారం కట్టి, చెక్క టోకెన్ పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించారు. గౌరునాయుడు చూసి కూడా చూడనట్టు పోయాడు.

ఇది జరిగి ఏడు నెలలైంది. నూకరత్నం కొత్త డబ్బా ఇంట్లో పెట్టుకుని రోజూ తనొక్కతే వేసుకుంటోంది. మళ్ళీ జ్వరం రాలేదు. ఆ ఘనత తనదేనని కొత్త డబ్బా అనుకుంటుందేమో, కాదు తనదని నీళ్ళ సీసా అంటుందేమో. వాళ్ళతో నాకు పేచీ లేదు. బొమ్మలో ఎర్ర పళ్ళు అరిగిపోయాయి, పేరు సగం చెరిగిపోయింది. లోపల మందు లేకపోయినా నన్ను పారెయ్యాలని ఎవరికీ తోచలేదు. నా గురించి అడగాలని మీరొస్తే మేకు మీద వెతక్కండి. అక్కడ నేనుండేది తక్కువ, ఎవరో ఒకరి పిడికిట్లోనే ఎక్కువ.