మావాడి పేరున్న మలుపు

“అక్కడ మాత్రం వద్దు బాబూ. ఆ మలుపులో మళ్ళీ ఎవరైనా పోతే, ఆ ఉసురు మావాడి పేరుకి చుట్టుకుంటుంది,” అన్నాను.

వార్డు మెంబరు అప్పటికింకా కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు. సిమెంటు గోడౌన్ల దగ్గర్నుంచి రైలు గేటు దాకా ఉన్న రోడ్డుకి మా అబ్బాయి పేరు పెడుతున్నామని చెప్పడానికి వచ్చాడు. మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకుండానే నేను అడ్డుపుల్ల వేశాను.

“పిన్నిగారూ, మంచిమాట మొదలెట్టకముందే చావు మాటేంటండీ?” అని నవ్వాడు.

“ఈవిడంతే. పాలు పొయ్యి మీద పెట్టకముందే పొంగిపోయాయని ఏడుస్తుంది,” అన్నారు మా ఆయన. చాలా రోజులకి ఆయన మొహంలో కాస్త వెలుగు చూశాను. అందుకే ఇంకేమీ అనలేకపోయాను.

నా భయం ఊరికే పుట్టింది కాదు. మావాడు సైన్యంలో లారీ నడిపేవాడు. తుపాకీ గుండు తగిలి పోలేదు. కొండదారిలో మలుపు తిరుగుతుంటే అంచు విరిగి, బండితో సహా లోయలో పడ్డాడు. ఈ రోడ్డులోనూ గోడౌను గోడ చాటున ఒక మలుపుంది. ఎదురుగా వచ్చే బండి మీదికొచ్చేదాకా కనపడదు. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. పేరు రాసిన రేకు నిలబెట్టేది సరిగ్గా అక్కడే. రెండువైపుల నుంచీ కనిపిస్తుందట.

మెంబరు వెళ్ళాక, “బతికున్నన్నాళ్ళూ వాణ్ణి రోడ్డున పడనివ్వలేదు. ఇప్పుడు పడేస్తారా?” అన్నాను.

“పిచ్చిదానా, రోడ్డే వాడి పేరున ఉంటుందే. మన పేరున గజం నేలైనా ఉందా?” అన్నారు. నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

మా ఆయన పని బోర్డులు రాయడం. పంచాయతీ వాళ్ళు ప్రింటు వేయిస్తామంటే ఒప్పుకోలేదు. “ఎండకి వెలిసిపోయే స్టిక్కరు అంటిస్తారా నా కొడుక్కి?” అని తగువేసుకుని, ముందుగదిలో రేకు పరిచి, సుద్దపొడి రాసిన దారంతో గీతలు కొట్టి, మోకాళ్ళ మీద వంగి ఒక్కో అక్షరం రాశారు. ఎవరు తొక్కుతారో, మీద ఏది ఒలుకుతుందోనని నేను గుమ్మంలో కాపలా కూర్చున్నాను. పసివాడుగా ఉన్నప్పుడు మావాణ్ణి అక్కడే చాప మీద పడుకోబెట్టి ఇలాగే కూర్చునేదాన్ని.

రేకు నిలబెట్టిన రోజు దండలు, మైకు, చప్పట్లు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మా ఆయన కర్రకి గుడ్డ కట్టుకుని వెళ్ళి దుమ్ము తుడిచొచ్చేవారు.

తొలి వానకే, కొత్తగా పెళ్ళయిన పంపు మెకానిక్కు ఒకతను ఆ మలుపులో లారీ కింద పడి పోయాడు. పేపర్లో లావు అక్షరాలతో మావాడి పేరు, పక్కనే ‘మార్గంలో ఘోరం’ అని. నా నోరే మంచిది కాదని లెంపలు వాయించుకున్నాను. ఇంకొన్నాళ్ళకి గోడౌను హమాలీ ఒకతను పోయాడు. మళ్ళీ అదే పేరు, అదే ఘోరం.

పేపరుతో ఆగిపోతుందనుకున్నాను. అన్ని చెడ్డలూ ముందే ఊహించుకుని చచ్చే నాకు, ఆ తర్వాతది మాత్రం తట్టలేదు.

కిరాణా కొట్టు దగ్గర ఆటో అతను చెబుతున్నాడు. “మలుపులో పోయినవాడు మలుపులోనే కూర్చుంటాడు గురూ. ఆ మిలిటరీ వాడు స్టీరింగు పట్టుకున్నాక మనం తిప్పితే తిరుగుతుందా?”

కొట్టతను కళ్ళతో నన్ను చూపించాడు. ఆటో అతను నాలిక్కరుచుకుని, “మీవాడు కాదమ్మా... ఊరికే, జనం అంటుంటే...” అన్నాడు. మావాడు కాకపోతే ఇంకెవడు?

ఇంటికొచ్చేసరికి పక్కింటి కోడలు తన పిల్లకి ముద్దలు పెడుతోంది. వాళ్ళ వంటింటి కిటికీ మా పెరట్లోకే.

“మింగు. మింగలేదనుకో, మలుపులో మిలిటరీ మామయ్య వచ్చి పట్టుకుపోతాడు.”

పిల్ల ఏడుపు ఆపి గబుక్కున మింగేసింది. సెలవులకొచ్చినప్పుడల్లా మావాడు భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పిన పిల్ల అది.

మా ఆయన ఎవరిదో పళ్ళడాక్టరు బోర్డు రాస్తున్నారు. ఎదురుగా నేల మీద చతికిలబడి అంతా చెప్పాను. “వాడి పేరెత్తితే పిల్లలు జడుసుకుంటున్నారండీ. గోడ వెనక్కి జరిపించమంటే గోడౌను వాళ్ళు పెద్దవాళ్ళని మెంబరు చేతులెత్తేశాడు. పేరైనా తీసేద్దాం.”

కుంచె ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. ‘డాక్టరు’లో కొమ్ము పూర్తి చేసి, కుంచె కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టారు. టీ ఇస్తే చల్లారి మీద మీగడ కట్టింది.

మర్నాడూ అంతే. దుమ్ము తుడిచే కర్ర మూలనే ఉంది. “తిట్టండి పోనీ. నీ నోటి వల్లే అయిందనండి,” అని బతిమాలాను. గోడకి తిరిగి పడుకున్నారు. కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలాకే లేచాను.

ఇంకో రోజు గడిచింది. పొద్దు వాలుతుండగా ఆయన మావాడి రేకుకి అడుగుపూత వేయగా మిగిలిన తెల్లరంగు డబ్బా ముందు పెట్టుకుని, మూత తీసి, లోపలికి చూస్తూ కూర్చున్నారు. రంగు మీద తొక్క కట్టింది. దాన్ని పుల్లతో పక్కకి తీశారు.

“ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? అదొక్కటీ చెప్పండి,” అన్నాను.

రైలు ఒకటి గేటు దాటి వెళ్ళిపోయింది. కిటికీ రెక్కల వణుకు ఆగాక ఆయన గొంతు సవరించుకున్నారు.

“పద. నిచ్చెన నువ్వు పట్టుకోవాలి. ఇంకెవరిచేతా పట్టించను.”